ఒకే ఊరు, మూడు కాగితాలు, మూడు జిల్లాలు: మన ఉత్తర సరిహద్దు కథ తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న — టెక్కలి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను టెక్కలికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్లల చేత మన ఊరి గురించీ, మన జిల్లా గురించీ ఒక గోడపటం తయారు చేయిస్తున్నాము. పుస్తకంలో ఉన్నదే మళ్ళీ రాయడం ఎందుకని, ఇంట్లో పాత కాగితం ఏది దొరికినా ఒకటి తెమ్మని పిల్లలకు చెప్పాను. వాళ్ళకు చెప్పి నేను ఊరుకుంటే బాగుండదు కనుక మా ఇంటి అటక మీది రేకుపెట్టెను కిందికి దింపాను.

అందులో మా తాతగారి పొలానికి సంబంధించిన మూడు కాగితాలు దొరికాయి. మొదటిది 1927 నాటి క్రయ దస్తావేజు. ఐదో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం మీద, కలం అద్దిన చోటల్లా సిరా కాస్త చిక్కబడుతూ, "గంజాం డిస్ట్రిక్టు, టెక్కలి సబ్ డిస్ట్రిక్టు" అని గొలుసుకట్టు రాతలో ఉంది. రెండోది 1944లో రాసిన తనఖా పత్రం. అందులో అదే పొలం విశాఖపట్నం జిల్లాలో ఉంది. మూడోది 1957 నాటిది, దాంట్లో శ్రీకాకుళం జిల్లా అని ఉంది. మూడింటిలోనూ హద్దులు మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఒకటే: తూర్పు గెడ్డ, దక్షిణం పుంత, పడమర చెరువు గట్టు, ఉత్తరం దాయాదుల మెట్ట. ఆ గెడ్డ ఈనాటికీ మా పొలానికి తూర్పునే పారుతున్నది.

ఈ కాగితాలను తరగతిలో చూపించగానే వెనుక వరుసలోని ఒక అబ్బాయి లేచి, "మన ఊరు ఎప్పుడు నడిచి వెళ్ళింది మాస్టారూ?" అని అడిగాడు. పిల్లలంతా నవ్వారు గానీ, నాకు సరిగ్గా సమాధానం చెప్పడం చేత కాలేదు. 1936లో ఒరిస్సా ఏర్పడిందని తెలుసు, 1950లో మన జిల్లా ఏర్పడిందని తెలుసు; ఆ రెంటికీ నడుమ జరిగినదీ, అంతకు ముందున్నదీ ఒక వరుసలో చెప్పగలిగినవారు ఉంటే దయచేసి రాయండి. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మన జిల్లా పటం ఇచ్ఛాపురం వైపు అంత సన్నగా సాగిపోయి ఎందుకు ఉంది? పాతపట్నం మనకూ, దానికి ఎదురుగా ఏటికి ఆవల ఉన్న పర్లాకిమిడి ఒడిశాకూ ఎలా చెందాయి?

సమాధానం 1 — పాత రికార్డులు

మాస్టారూ, నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించినవాణ్ణి. మీ మూడు కాగితాలూ మూడు సరైన సంగతులే చెబుతున్నాయి. పటం మీద గీతలు గీసేటప్పుడు పిల్లలు వాటిని ఒకదాని మీద ఒకటి పడేలా వేరు వేరు రంగులతో గీస్తే మంచిది. ఒకే పటంలో అన్నీ కలిపితే అయోమయమవుతుంది.

కంపెనీవారి కంటే ముందు మన ప్రాంతం చికాకోల్ సర్కారు. సర్కారు అంటే ఆనాటి పెద్ద రెవెన్యూ విభాగం. శ్రీకాకుళాన్ని సిక్కోలు అనే మన మాట ఇంగ్లీషువారి నోటిలో పడి చికాకోల్ అయింది. ఉత్తర సర్కారులన్న పేరుతో గుంటూరు, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోల్ అని అయిదు ఉండేవి. వాటిలో అన్నిటికంటే పైన ఉన్నది మనదే. గోల్కొండ నవాబుల కాలంలో ఇక్కడ ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళం పట్టణంలో నేటికీ ఉంది. 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయాక, 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా వల్లా, 1766లో నిజాముతో కుదిరిన సంధి వల్లా గుంటూరు తప్ప మిగిలినవి ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి.

కంపెనీవారు 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు చేసినప్పుడు ఈ ప్రాంతాన్ని జిల్లాలుగా సర్దారు. చికాకోల్ సర్కారులోని ఉత్తర భాగం గంజాం జిల్లా అయింది. గంజాం అనేది ఋషికుల్య నది ఒడ్డున ఉన్న ఊరు. 1815 ప్రాంతంలో అక్కడ విషజ్వరాలు ప్రబలి జనం చాలామంది పోవడంతో కచేరీలు ఆ ఊరి నుంచి లేచిపోయాయి, కానీ జిల్లాకు ఆ పేరు మాత్రం ఉండిపోయింది. కనుక మీ తాతగారు 1927లో పొలం కొన్నప్పుడు, ఆయన ఎన్నడూ చూసి ఉండని ఒక ఊరి పేరు దస్తావేజులోకి వచ్చి కూర్చున్నది.

ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నిటినీ ఒకచోట చేర్చాలన్న ఉద్యమం 1903లో ఉత్కళ సమ్మేళనం నాటికే మొదలైంది. 1931లో నియమించిన ఓడొనెల్ కమిటీ సరిహద్దులను పరిశీలించింది. చివరకు 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం, ఛత్రపురంతో కలిపి గంజాం జిల్లాలో ఎక్కువ భాగం అటు వెళ్ళిపోయింది. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట వైపు మిగిలిన తెలుగు భాగం ఒక్కటే జిల్లాగా నిలవడానికి చాలదు కనుక దాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. అదే సమయంలో విశాఖపట్నం జిల్లా నుంచి జయపురం సంస్థానం, అంటే కోరాపుట్ ప్రాంతం, ఒరిస్సాకు పోయింది. మీ 1944 నాటి తనఖా పత్రం ఈ పద్నాలుగేళ్ళ కాలానిది. ఆ రోజుల్లో ఇచ్ఛాపురం రైతు కలెక్టరును చూడాలంటే రైలెక్కి విశాఖపట్నం దాకా వెళ్ళవలసిందే.

స్వాతంత్ర్యం వచ్చాక ఇంత పొడవైన జిల్లాను ఒక కలెక్టరు చూడలేడని తేలి, 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లాను విడదీసి శ్రీకాకుళం జిల్లాను ఏర్పాటు చేశారు. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం.

పిల్లలకు పనికివచ్చే చిన్న మాట ఒకటి. పాత శిస్తు రశీదుల మీద తారీఖు బదులు ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, మాత్రమే ఉండవచ్చు. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ సంవత్సరం జూలై ఒకటిన మొదలై మరుసటి జూన్ ఆఖరున ముగుస్తుంది కనుక, ఒక ఫసలీలో రెండు ఇంగ్లీషు సంవత్సరాల సగాలు ఉంటాయని మరచిపోవద్దు.

సమాధానం 2 — ఆమదాలవలస ప్రయాణికుడు

శ్రీకాకుళం జిల్లా 1953లో ఆంధ్రరాష్ట్రంతో పాటే ఏర్పడిందని నేను ఒక పోటీ పరీక్షల గైడులో చదివాను. పైన 1950 అని రాశారు. ఏది సరైనది?

సమాధానం 3 — పాత రికార్డులు

1950యే సరైనది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం వచ్చేనాటికి మన జిల్లాకు మూడేళ్ళు నిండాయి. గైడుల్లో ఈ రెండింటినీ కలిపేయడం నేనూ చూశాను.

సమాధానం 4 — పాతపట్నం వాసి

మాస్టారి మూడో సందేహానికి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ సరిహద్దు మా ఇంటి నుంచి నడక దూరంలో ఉంది.

పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మహేంద్రతనయ పారుతుంది. ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండని ఏరది. చిన్నతనంలో మా అమ్మ పెళ్ళిళ్ళకు బట్టలు, వెండి సామాను, పిల్లలకు మందులు అన్నీ పర్లాకిమిడిలోనే కొనేది. అక్కడి దుకాణదారుడు ఆమెతో తెలుగులో మాట్లాడి, పక్కనున్న మనిషితో ఒడియాలో మాట్లాడి, లెక్క మాత్రం ఏ భాషలో వేసేవాడో మాకు తెలిసేది కాదు. అటునుంచి ఒడిశా భక్తులు మా నీలమణి దుర్గమ్మ గుడికి వస్తారు. అమ్మవారికి మొక్కు చెల్లించి తిరిగి వెళ్ళేవారిలో ఎవరు ఏ రాష్ట్రమో, ఎక్కే బస్సును బట్టి తప్ప చెప్పలేము.

ఈ ఏరు సరిహద్దు కావడానికి కారణం ఏటిలో లేదు, జమీందారీలో ఉంది. పర్లాకిమిడి సంస్థానం ఏటికి రెండు వైపులా ఉండేది. పాతపట్నం కూడా ఆ సంస్థానంలోనిదే. అప్పటి మహారాజు కృష్ణచంద్ర గజపతి ప్రత్యేక ఒరిస్సా కోసం లండన్ రౌండు టేబులు సమావేశంలో వాదించినవారు, తరువాత 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి వంటి పదవి) అయినవారు. అయితే సంస్థానంలో తెలుగువారు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు, వారు ఒరిస్సాలో కలవడానికి ఒప్పుకోలేదు. ఇరుపక్షాల మహజర్ల (విన్నపాల) మధ్య కొన్నేళ్ళు నలిగిన ఈ వ్యవహారం చివరకు సంస్థానాన్నే రెండుగా కోయడంతో ముగిసింది. రాజధాని పట్టణమూ, దాని చుట్టుపక్కల కొంత భాగమూ, కొండ ప్రాంతమూ ఒరిస్సాకు పోయాయి. మైదానంలోని ఎక్కువ గ్రామాలు మద్రాసు వైపు ఉండిపోయాయి. రాజుగారి కోట ఒక రాష్ట్రంలో, ఆయన రైతుల్లో ఎక్కువమంది మరో రాష్ట్రంలో.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోక తప్పదు. ఆయన పుట్టింది వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. బతుకులో పెద్ద భాగం పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా గడిపి, సవర భాష నేర్చి, సవర పిల్లలకు బడులు పెట్టినవారు. పట్టణం ఒరిస్సాకు పోతుందని తేలగానే 1936లో ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మరో నాలుగేళ్ళకు, 1940 జనవరిలో కన్నుమూశారు. డెబ్బై దాటిన వయసులో ఇల్లు వదిలి వెళ్ళడమంటే ఏమిటో మీ పిల్లలకు చెప్పండి. తేదీల కంటే అది బాగా గుర్తుంటుంది.

మరో సంగతి, రైలు. పర్లాకిమిడి రాజావారు తమ ఊరిని మద్రాసు–కలకత్తా ప్రధాన మార్గంతో కలపడానికి నౌపడా నుంచి వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది. తరువాత 1931లో గుణుపురం దాకా పొడిగించారు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నౌపడా, టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా అది వెళ్ళే తీరు ఎలా ఉండేదంటే, ఎద్దుబండికి దారి ఇవ్వడానికి కూడా ఆగేదని మా ఊరివాళ్ళు హాస్యమాడేవారు. 2011లో అది బ్రాడ్ గేజి అయింది. మొదట పట్టాలు వేసినప్పుడు పర్లాకిమిడి దాకా అంతా ఒకే జిల్లా. ఇప్పుడు అదే బండి ప్రయాణం మధ్యలో రాష్ట్రం దాటుతుంది.

సమాధానం 5 — ఉద్దానం రైతు, కవిటి

పై ఇద్దరూ కాగితాల వైపు నుంచి చాలా బాగా చెప్పారు. కానీ పటం ఎందుకు సన్నగా ఉంది అన్న ప్రశ్నకు సర్కారు ఉత్తర్వులు సగమే జవాబు. మిగతా సగం నేల చెబుతుంది.

మందస దగ్గర నిలబడి పడమటికి చూడండి. ఆకాశానికి అడ్డంగా మహేంద్రగిరి కనిపిస్తుంది, 1501 మీటర్ల ఎత్తు. శిఖరం ఒడిశాలో గజపతి జిల్లాలో ఉన్నా, దాని నీడ మా మీదే పడుతుంది. తూర్పుకు తిరిగితే కొద్ది దూరంలోనే సముద్రం. దక్షిణాన నాగావళి, వంశధార తెచ్చి పోసిన ఒండ్రు మీద విశాలమైన వరి మైదానం ఉంటే, ఇక్కడ కొండలు సముద్రం వైపు జరిగి వచ్చి మధ్యలో ఒక పట్టీని మాత్రమే మిగిల్చాయి. పదహారో నంబరు జాతీయ రహదారి, హౌరా రైలు మార్గం, ఊళ్ళు, తోటలు అన్నీ ఆ పట్టీలోనే ఇమడాలి. దాని కొసన బాహుదా నది, దాని ఒడ్డున ఇచ్ఛాపురం, ఆపైన పురుషోత్తపురం చెక్‌పోస్టు. మాకు శ్రీకాకుళం కంటే బరంపురమే చాలా దగ్గర. ఇచ్ఛాపురం నుంచి అది పాతిక కిలోమీటర్లే. మా మండలాల్లో ఒడియా మాధ్యమం బడులు కూడా ఉన్నాయి.

మహేంద్రతనయ గురించి ఒక చిన్న చేర్పు. ఆ పేరుతో రెండు ఏళ్ళు ఉన్నాయి. రెండూ మహేంద్రగిరి బిడ్డలే. ఒకటి పైన చెప్పినట్టు పర్లాకిమిడి, పాతపట్నం మీదుగా దిగి వంశధారలో కలుస్తుంది. రెండోది ఇటు తిరిగి మా బారువ దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది. పిల్లలు ఒకే నీలి గీత గీస్తే తప్పవుతుంది.

ఉద్దానం అన్న మాట ఉద్యానవనం నుంచి వచ్చిందని మేము చెప్పుకుంటాము. ఇసుక పాలు ఎక్కువైన నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస. అక్కడక్కడ మునగ, అరటి. తోటల నడుమ పల్లంగా, ఏడాదిలో చాలా కాలం నీరు నిలిచి ఉండే నేలలు రెండు రకాలున్నాయి. సోంపేట వైపు వాటిని బీల అంటారు, మీ టెక్కలి–సంతబొమ్మాళి వైపు తంపర అంటారు. సర్కారు లెక్కల్లో వాటిని పనికిరాని నేలలుగా రాసిన రోజులు ఉన్నాయి గానీ, ఆ నీటిలో చేపలు పట్టేవారికీ, దాని అంచున వరి పండించుకునేవారికీ, పశువులు మేపేవారికీ అదే జీవనాధారం. ఆ నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రాలు తలపెట్టినప్పుడు 2010 జూలై 14న సోంపేటలోనూ, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. బీల అనే మాట పిల్లల పటంలో తప్పకుండా ఉండాలని నా కోరిక.

తంపరను నమ్ముకున్నవి మనుషులు మాత్రమే కాదు. మీకు దగ్గరలోని తేలినీలాపురానికి ఏటా వానలు వెనకబడుతుండగా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లలను పెంచి వెళతాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి తొలకరిలోనే నత్తగుల్ల కొంగలు వస్తాయి. పక్షులు వచ్చాకే వాన అని అక్కడివారి లెక్క. వాటిపై ఎవరైనా రాయి విసిరితే ఊరు ఊరంతా మీద పడుతుంది.

ఇక తుపాన్లు. ఈ పట్టీ మీదికి గాలి వస్తే తప్పించుకోవడానికి చోటు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాసకు దగ్గరలో తీరం దాటింది. మా తోటలో నూట నలభై కొబ్బరి చెట్లు ఉండేవి. తెల్లవారి చూస్తే నిలబడి ఉన్నవి పంతొమ్మిది. కూలిన చెట్లు అన్నీ ఒకే దిక్కుకు, కోసి పడుకోబెట్టిన వరి ఓదెల్లాగా ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది కనుక, అప్పుడు నాటినవి ఈ మధ్యనే గెలలు వేయడం మొదలుపెట్టాయి. పలాసలో జీడిపప్పు పరిశ్రమలు ఎన్ని ఉన్నా, ఆ ఏడాది తరువాత పిక్కలను బయటి నుంచి తెప్పించుకోవలసి వచ్చింది.

సమాధానం 6 — పార్వతీపురం

మాస్టారి ఊరికి మూడు జిల్లాలు మాత్రమే. మాకు నాలుగు. మా పార్వతీపురం 1950కి ముందు విశాఖపట్నం జిల్లా, 1950 నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో భాగం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రం. మా నాన్నగారు, నేను, మా అమ్మాయి, మనవడు ఒకే ఇంట్లో పుట్టాము గానీ, మా నలుగురి పుట్టిన జిల్లాలు వేరు వేరు. దరఖాస్తు ఫారాలు నింపేటప్పుడు ఇది తమాషాగా ఉండదు. పాత జిల్లా రాయాలా, కొత్త జిల్లా రాయాలా అని ఒక కార్యాలయంలో అడిగితే, మీకు ఏది నచ్చితే అది రాయండని గుమస్తా సలహా ఇచ్చి, వారం తరువాత అది తప్పని వెనక్కి పంపాడు.

2022లో శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం వైపు మా జిల్లాకు వచ్చాయి. రాజాం వైపు మండలాలు విజయనగరానికి వెళ్ళాయి. కనుక సవరలు, జాతాపులు ఎక్కువగా ఉండే సీతంపేట ఏజెన్సీ ఇప్పుడు శ్రీకాకుళం పటంలో లేదు. నాగావళి, సువర్ణముఖి, వేగవతి కలిసే వంగర మండలం సంగాం కూడా ఇప్పుడు విజయనగరానిదే. మీ గోడపటంలో పాత పుస్తకం చూసి ఇవన్నీ శ్రీకాకుళంలో గుర్తిస్తారేమోనని చెబుతున్నాను.

సరిహద్దు అన్నది ఇంకా తేలని చోటు కూడా మా దగ్గర ఉంది. సాలూరు మండలం పైన కొండల మీద కొటియా గ్రామాలు ఇరవై ఒకటి ఉన్నాయి. రెండు రాష్ట్రాలూ తమవేనంటాయి. 1968లో సుప్రీంకోర్టుకు ఎక్కిన వివాదం అది. రెండు ప్రభుత్వాల రేషను కార్డులూ చేతిలో ఉన్న మనుషులు అక్కడ ఉన్నారు.

సమాధానం 7 — ముఖలింగం దారి

ఇంతవరకు చర్చ 1802కు ఇటువైపే ఎక్కువగా నడిచింది. అందువల్ల ఈ ప్రాంతం ఎప్పుడూ ఎవరో ఒకరి జిల్లాకు చివరి అంచుగానే ఉన్నదన్న భావన పిల్లలకు కలుగుతుంది. దానికి నేను ఒప్పుకోను.

జలుమూరు మండలంలో వంశధార ఎడమ ఒడ్డున ఉన్న ముఖలింగం ఒకప్పుడు కళింగనగరం, అంటే తూర్పు గాంగుల రాజధాని. ఈ గుర్తింపులో పైన పేర్కొన్న గిడుగువారి పాత్రే పెద్దది. అక్కడి గుళ్ళలోని శాసనాలను చదివి, కళింగనగరం ఇదేనని ఆయన వాదించారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మూడూ అక్కడే ఉన్నాయి. ఊరి బయట ఒంటరిగా నిలిచిన సోమేశ్వరాలయం గోడ దగ్గరికి వెళ్ళి చూడండి: రాతిలో చెక్కిన తీగ ఒకటి ద్వారబంధం పొడవునా పాకుతూ, మలుపు మలుపుకూ ఒక చిన్న బొమ్మను చుట్టుకుంటుంది. వందల ఏళ్ళ వానకు బొమ్మల ముఖాలు అరిగిపోయినా తీగ చుట్ట తెగలేదు.

గాంగులు కొలిచిన దేవుడు మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడు. తామ్రశాసనాల్లో ఆ కొండను తమ కులపర్వతంగా చెప్పుకున్నారు. పదకొండో శతాబ్ది చివర గద్దెనెక్కిన అనంతవర్మ చోడగంగు రాజ్యాన్ని ఉత్తరానికి విస్తరించి, పూరీ జగన్నాథాలయ నిర్మాణం చేపట్టాడు; ఆయన కాలంలోనే రాజధాని కటకం వైపు జరిగింది. అంటే అప్పుడు రాజ్యానికి నడిబొడ్డు మన వంశధార లోయ. రాజధాని ఉత్తరానికి జరిగాక మనం దక్షిణపు అంచు అయ్యాము. గంజాం జిల్లా వచ్చాకా దక్షిణపు అంచే. 1936 తరువాత మాత్రం మద్రాసుకు ఉత్తరపు అంచు అయ్యాము. రికార్డులవారు చెప్పిన రంగుల గీతల కింద ఈ గీత కూడా ఉండాలి.

శ్రీకూర్మం శాసనాలు దీనికి మంచి సాక్ష్యం. ఆ గుడి స్తంభాల మీద గాంగుల కాలం నుంచి వరుసగా శాసనాలున్నాయి. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరితీర్థులు కళింగ రాజ్య వ్యవహారాలు చూసినట్టు చెప్పే 1281 నాటి శాసనం అందులో ఒకటి. అంతకంటే పాత కాలానికి వెళ్ళదలిస్తే, గార మండలంలో వంశధార దక్షిణపు ఒడ్డున సాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. కొండ ఎక్కి చూస్తే నది సముద్రంలో కలిసే కళింగపట్నం కనబడుతుంది. ఓడలో వచ్చిన భిక్షువుకు మొదట కనిపించేది ఆ కొండే అయివుంటుంది.

సిక్కోలు పేరు మీద మాత్రం జాగ్రత్తగా ఉండండి. నవాబుల కాలంలో శిస్తు డబ్బు సంచుల చిక్కాలు విప్పిన చోటు కనుక ఆ పేరు వచ్చిందని ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ, కథ అనే రాయించండి. కృష్ణా జిల్లాలో ఆంధ్రమహావిష్ణువు కొలువైన శ్రీకాకుళం వేరే ఊరు. పిల్లలు అంతర్జాలంలో వెతికితే ఆ ఊరి బొమ్మలు కూడా వచ్చి పడతాయి.

సమాధానం 8 — మందస

ఒక్క మాట చేర్చి ఆగుతాను. జమీందారీ అంటే సరిహద్దు గీత మాత్రమే కాదు, అడవి మీద హక్కు కూడా. 1940 మార్చిలో పలాసలో కిసాన్ సభ జరిగిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అడవి నుంచి కలప తెచ్చుకున్నారన్నదే నేరం. అక్కడ ముందు నిలబడి చనిపోయిన గర్భిణి సాసుమాన గున్నమ్మను వీర గున్నమ్మ అంటారు. ఒరిస్సా ఏర్పడిన తేదీ కూడా ఏప్రిల్ 1యే కావడం యాదృచ్ఛికం గానీ, మా ఊళ్ళలో ఏప్రిల్ 1 అంటే గుర్తుకొచ్చేది గున్నమ్మే.

ప్రశ్నించినవారు — టెక్కలి మాస్టారు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను అచ్చు తీసి తరగతిలో చదివించాను. గోడపటం ఒకటి కాస్తా అయిదు పలుచని కాగితాలయింది: గాంగుల కళింగం, 1802 నాటి గంజాం, 1936, 1950, 2022. ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే గీతలన్నీ కనిపిస్తాయి. మహేంద్రతనయలు రెండూ గీశాము. బీల, తంపర అని రాశాము. ఉద్దానం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె పనస చెట్టు బొమ్మ వేస్తానని పట్టుబట్టింది, వేయనిచ్చాను. సీతంపేటను పాత పుస్తకం చూసి నిజంగానే శ్రీకాకుళంలో పెట్టాము. పార్వతీపురంవారి మాట చూశాక చెరిపి సరిచేశాము.

ఫసలీ లెక్క మాత్రం ఊహించని చోట పనికి వచ్చింది. మొదటి రోజు ఊరు ఎప్పుడు నడిచి వెళ్ళిందని అడిగిన అబ్బాయే, వాళ్ళ నాయనమ్మ పెట్టెలోంచి ఒక శిస్తు రశీదు తెచ్చాడు. పైభాగం చెదలు తినేయడంతో జిల్లా పేరు ఉండవలసిన చోట కన్నం ఉంది. మిగిలినది ఫసలీ 1345 అన్న అంకె, కింద సంతకం పక్కన మార్చి 11 అన్న తేదీ. 590 కలిపితే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా వస్తుంది కనుక జిల్లా మారిన ఏడాదే అది. కాసేపు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, "మార్చి పదకొండు అంటే ఇంకా మూడు వారాలు గంజామే మాస్టారూ" అన్నాడు. ఆ కన్నం పక్కన పెన్సిలుతో గంజాం అని రాసి, రశీదును 1802 కాగితానికి అంటించాడు.